వాడేవాళ్లను అడిగి చేసిన పని

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రోజువారీ బతుకులో డిజైన్ ఏం పనికొస్తుందో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను బిల్డింగు ప్లాన్లు గీసి బతికినవాణ్ణి. కొన్నేళ్లు ఇక్కడ, అంతకంటే ఎక్కువ ఏళ్లు గల్ఫ్‌లో పనిచేశాను. కాబట్టి పుస్తకాల్లోది తక్కువ, కళ్లతో చూసింది ఎక్కువ చెబుతాను. చివర్లో మన సంఘం ముందున్న ఒక సంగతి కూడా మాట్లాడతాను. దానికోసమే ఈ పూట ఒప్పుకున్నానని ముందే మనవి చేస్తున్నాను.

డిజైన్ అనగానే మనకు చీర అంచు, వాకిట్లో ముగ్గు, గేటు మీద పువ్వులు గుర్తొస్తాయి. అవీ డిజైనే. కానీ ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. ఒక వస్తువు చేసే ముందు, దాన్ని వాడే మనిషి చెయ్యి ఎక్కడ పడుతుంది, కన్ను ఎటు చూస్తుంది, నడుము ఎంత వంగుతుంది అని ఆలోచించడం. ఆ ఆలోచన చేసిన వస్తువును మనం పట్టించుకోం, ఎందుకంటే అది ఇబ్బంది పెట్టదు. చేయని వస్తువు రోజూ ఇబ్బంది పెడుతుంది. విచిత్రం ఏమిటంటే, అప్పుడు కూడా మనం వస్తువును తిట్టం, మనిషినే తిడతాం. "నీకు తెలివి లేదు, చూసుకుని నడవరాదా" అంటాం.

మన ఇళ్ల నుంచే మొదలుపెడతాను. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చేయని వాడకట్టు ఉండదు. మా అమ్మ కూడా చేసింది. చేటలో తునికాకు, తంబాకు, దారం, కత్తెర, వాటితోపాటు ఒక చిన్న రేకు ముక్క ఉండేది. ఆ రేకును ఆకు మీద పెట్టి చుట్టూ కత్తిరిస్తే ఆకులన్నీ ఒకే కొలతకు వస్తాయి. స్కేలు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు, కళ్లతో అంచనా కట్టే పని లేదు. ఆ రేకు ముక్క మంచి డిజైన్. కానీ అదే పనిలో ఇంకో సగం చూడండి. పొద్దంతా చేట ఒళ్లో పెట్టుకుని వంగి కూర్చునే ఆ నడుము గురించి ఎవరూ ఏ రేకూ కత్తిరించలేదు. బీడీ కొలత తప్పితే కంపెనీకి నష్టం. నడుము నొప్పి చేసేవాళ్లకే. ఎవరి ఇబ్బంది లెక్కలోకి వస్తుందో, వాళ్ల కోసమే డిజైన్ జరుగుతుంది.

సిరిసిల్ల మిత్రులకు ఈ మాట ఇంకా బాగా తెలుస్తుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి పేరు తెచ్చిన నల్ల పరంధాములు గారి ఊరు అది. 2017 నుంచి బతుకమ్మ చీరలు నేసిన ఊరు. అక్కడి సాంచాల సంగతి చూడండి. పేక దారం తెగితే సాంచాను ఆపేసే చిన్న ఫోర్కు ఒకటి ఉంటుంది. దారం లేకుండా బట్ట ముందుకు పోకూడదని దాన్ని పెట్టారు. ఎంత తెలివైన ఏర్పాటు! మరి ఆ షెడ్డులో పన్నెండు గంటలు నిలబడే మనిషి చెవి సంగతి? పక్కవాడితో మాట్లాడాలంటే అరవాలి, లేదా సైగ చేయాలి. దారం గురించి ఆలోచించినవాళ్లు చెవి గురించి ఆలోచించలేదు.

ఆలోచించినవాళ్లు మన తెలంగాణలోనే ఉన్నారు. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో చదువు మానేసిన నేత కుటుంబం బిడ్డ. పోచంపల్లి రకం చీర నేసే ముందు ఆసు పోయాలి. అంటే దారాన్ని ఒక మేకు నుంచి ఎదురుగా అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదికి చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు ఇంచుమించు 9000 సార్లు చెయ్యి ఆడాలి. వాళ్ల అమ్మ లక్ష్మి గారికి భుజం నొప్పి. అది చూసి 1992లో మొదలుపెట్టి, అప్పులు చేసి, పిచ్చివాడని మాటలు పడి, 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంజనీరింగు చదవలేదు గానీ, ఇంజనీరు మొదట అడగాల్సిన ప్రశ్న ఆయన అడిగారు. ఎవరికి నొప్పి, ఎక్కడ నొప్పి?

ఇప్పుడు కట్టడాల దగ్గరికి వద్దాం. జగిత్యాల కోటను మనమంతా చూసినవాళ్లమే. 1747లో జఫరుద్దౌలా కాలంలో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టిందని చెబుతారు. పైనుంచి చూస్తే నక్షత్రం లాగా ఉంటుంది. అందం కోసం అలా కట్టారనుకుంటాం. అసలు సంగతి వేరు. గుండ్రటి బురుజు మీద నిలబడ్డవాడికి సరిగ్గా ఆ బురుజు కింద, గోడ మొదట్లో దాక్కున్న శత్రువు కనిపించడు. అదే కోణాలుగా ముందుకు పొడుచుకొస్తే, ఒక కోణం గోడ మొదలు పక్క కోణం మీది సిపాయికి కనిపిస్తుంది. దాక్కోవడానికి మూల ఉండదు. ఫిరంగులొచ్చాక ఐరోపాలో పుట్టిన పద్ధతి ఇది. అంటే ఆ నక్షత్రంలో ప్రతి మూలకూ ఒక పని ఉంది. అందం ఆ పనితో పాటు వచ్చింది.

మన పాత ఇళ్లూ అంతే. మందమైన మట్టిగోడలు, గూనపెంకులు, ముందర అరుగు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ అర్రలు. మందపు గోడ ఎండను లోపలికి రానివ్వడానికి చాలా సేపు తీసుకుంటుంది. వేడెక్కిన గాలి నడిమి వాకిట్లోంచి పైకి పోతుంది. ఆ ఇళ్లకు లోట్లు లేవని కాదు. వానాకాలం కురిసేవి, పెంకులు ఏటేటా సర్దాల్సి వచ్చేది. మేం గల్ఫ్ పైసలు పంపి స్లాబు ఇళ్లు కట్టించాం, కురవడం ఆగింది. కానీ స్లాబు పొద్దంతా ఎండ తాగి రాత్రంతా కక్కుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే ప్రాంతం మనది. స్లాబు మీద తెల్లటి పూత వేస్తే ఎండ చాలావరకు తిరిగి పైకే పోతుంది, గది చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. ఒక డబ్బా సున్నం చేసే పనిని మరిచిపోయి మనం ఏసీలు కొంటున్నాం.

మెట్ల గురించి కూడా ఒక్క మాట. మా పనిలో ఒక లెక్క ఉంది. మెట్టు ఎత్తుకు రెండింతలు, దానికి పాదం పెట్టే జాగా కలిపితే 24 అంగుళాల దగ్గర ఉండాలి. 6 అంగుళాల ఎత్తు, 12 అంగుళాల జాగా. మనిషి అడుగు పొడవును బట్టి వచ్చిన లెక్క ఇది. వరుసలో ఒక్క మెట్టు అంగుళం ఎక్కువున్నా అక్కడే కాలు తట్టుకుంటుంది. పడ్డ ముసలావిడను "చూసుకుని దిగరాదా" అంటాం. ఆమె తప్పు లేదు. మిగతా మెట్లన్నీ నేర్పిన లెక్క ప్రకారమే ఆమె కాలు వేసింది.

టెక్నాలజీకి ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 2019 ఏప్రిల్ 11న మన కోరుట్ల, జగిత్యాల ఓటర్లు వాడిన యంత్రమే ఉంది. ఈ రెండు నియోజకవర్గాలు నిజామాబాద్ పార్లమెంటు కిందివి. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలని రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే, బరిలో 185 మంది మిగిలారు. ఓటు వేసే పెట్టె ఒక్కోదానిలో 16 మీటలే. అందుకని ఒక్కో పోలింగు కేంద్రంలో 12 పెట్టెలు వరుసగా పేర్చారు. పాత రకం యంత్రానికి 4 పెట్టెలే కలిపే వీలుండేది, అంటే 64 పేర్లు. కొత్త రకానికి 24 దాకా కలపవచ్చు. ఇంతమంది ఎప్పుడైనా రావచ్చు అని ముందే ఎవరో ఆలోచించి పెట్టారు. అంతకుముందు 1996లో నల్లగొండలో 480 మంది పోటీచేసినప్పుడు బ్యాలెట్టే ఒక పుస్తకమంత అయ్యింది.

ఆ పెట్టెను ఇంకోసారి గుర్తు చేసుకోండి. పేరు ఉంటుంది, పక్కన గుర్తు ఉంటుంది, ఫోటో ఉంటుంది. మీట పక్కన చూపు లేనివాళ్ల కోసం బ్రెయిలీ అంకె ఉంటుంది. నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది, కూత వినిపిస్తుంది, పక్క యంత్రంలో చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది. అక్షరం రాని మా అమ్మ ఎవరినీ అడగకుండా ఓటు వేసి వచ్చేది. ఈ దేశంలో మొదటి ఎన్నికల నాడే, 1951-52లో, చదువురాని ఓటరు కోసం గుర్తులు పెట్టారు. "ముందు చదువు నేర్చుకుని రా" అని ఓటరుకు చెప్పలేదు. ఓటరుకు తగ్గట్టు ఎన్నికనే మలిచారు. అదే అమ్మ బ్యాంకుకు పోతే ఫారం నింపమని ఎవరినో బతిమాలాల్సి వచ్చేది. మనిషి అదే మనిషి. తేడా ఫారంలో ఉంది.

ఇక కార్లు. మనలో సగం మంది దుబాయిలోనో సౌదీలోనో స్టీరింగు పట్టినవాళ్లే. అక్కడ స్టీరింగు ఎడమ వైపు, ఇక్కడ కుడి వైపు. కానీ కాలి కింద క్లచ్, బ్రేకు, యాక్సిలరేటరు వరుస ఎక్కడైనా ఒక్కటే. అది కూడా మారి ఉంటే సెలవుకు వచ్చిన ప్రతివాడూ మొదటి రోజే ఎవరినో గుద్దేవాడు. ఇండికేటరు మాత్రం కొన్ని కార్లకు కుడి చేతికి, కొన్నింటికి ఎడమ చేతికి పెట్టారు. అందుకే కొత్త కారులో మలుపు దగ్గర వైపరు ఆడుతుంది, పక్కన కూర్చున్నవాళ్లు నవ్వుతారు. ఈమధ్య అన్ని మీటలూ తీసేసి తెర ఒక్కటే పెడుతున్నారు. మీటను చెయ్యి తడిమి పట్టుకుంటుంది, తెరను కన్నే చూడాలి, ఆ కాసేపు కన్ను రోడ్డు మీద ఉండదు.

సీటుబెల్టు సంగతి కూడా చెప్పాలి. 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ ఇప్పుడు మనం వాడే మూడు చోట్ల పట్టి ఉంచే బెల్టు తయారుచేశాడు. అంతకుముందూ బెల్టులు ఉన్నాయి. అవి కడుపునే పట్టి ఉంచేవి, ఛాతీ ముందుకు విసిరేసినట్టు పోయేది. ఈయన బెల్టు భుజాన్నీ నడుమునూ కలిపి పట్టుకుంటుంది, పైగా ఒక్క చేత్తో పెట్టుకోవచ్చు. కష్టమైతే జనం పెట్టుకోరని ఆయనకు తెలుసు. ఆ పేటెంటును వోల్వో మిగతా కంపెనీలన్నీ వాడుకునేందుకు వదిలేసింది. ఎన్ని లక్షల ప్రాణాలో ఆ ఒక్క ఆలోచన మీద నిలబడ్డాయి.

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన సంగతి. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు ఒక స్వాగత తోరణం కట్టాలని, దాని మీద దాతల పేర్లు చెక్కించాలని ప్రతిపాదన ఉంది. అది పెట్టినవాళ్ల ప్రేమను నేను తక్కువ చేయను. మన గుర్తు ఒకటి ఇక్కడ నిలవాలనే కోరిక నాకూ ఉంది. కానీ ఆ తోరణం కింద నుంచి పిల్లలు రోజుకు రెండుసార్లు నడుస్తారు, రెండు నిమిషాలు. మిగతా పొద్దంతా వాళ్లు వాడేవి వేరే ఉన్నాయి.

నల్లా ఎత్తు ఆరో తరగతి పిల్లవాడికి అందుతుందా? వరండా నేలకు రెండు అడుగుల పైన ఉంది. చక్రాల కుర్చీ ఎక్కాలంటే అడుగుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలి, అంటే 24 అడుగుల ర్యాంపు. దానికి జాగా ఎక్కడ? కిటికీ వెలుగు బోర్డు మీద పడి మెరిస్తే మూల బెంచీ వాళ్లకు అక్షరం కనిపిస్తుందా? ఆడపిల్లల మూత్రశాలకు లోపల గడియ, కొక్కెం, బకెట్, చెత్తబుట్ట ఉన్నాయా? తలుపు తీస్తే నేరుగా గ్రౌండు కనిపిస్తుందా? అటు పోవాల్సి వస్తుందని పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా కూర్చునే ఆడపిల్లలు ఎన్నో బడుల్లో ఉన్నారు. మన బడిలో ఉన్నారో లేరో మనం అడిగి చూడలేదు.

కాబట్టి నా మనవి ఇది. తోరణం నిర్ణయం ఒక్క నెల ఆపుదాం. ఈలోగా ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఇద్దరు అన్నదమ్ములు, ఒక మేస్త్రీ, ఒక రోజు ప్రార్థన బెల్లు నుంచి సాయంత్రం ఇంటి బెల్లు దాకా బడిలో కూర్చోండి. ఎవరు ఎక్కడ వంగుతున్నారు, ఎక్కడ వరుస కడుతున్నారు, ఎక్కడికి పోకుండా ఆగుతున్నారు, రాసుకోండి. పిల్లలను అడగండి. స్వీపరమ్మను తప్పకుండా అడగండి, బడిలో ఏది ఎక్కడ పనిచేయదో ఆమెకే ఎక్కువ తెలుసు. అందరూ చెప్పాక ప్లాను నేను గీస్తాను, దానికి పైసా తీసుకోను. ముందు నల్లాలు, ర్యాంపు, ఆడపిల్లల గదులు, స్లాబు మీద తెల్ల పూత. ఆ తర్వాత పైసలు మిగిలితే తోరణం కట్టుకుందాం, దాని డ్రాయింగు కూడా నేనే గీస్తాను.

దాతల పేర్లు ఎక్కడ రాయాలంటారా? నల్లా గట్టు మీద రాయించండి. పిల్లలు దాహం వేసినప్పుడల్లా చదువుతారు.

సెలవు. జై తెలంగాణ.