గుడారానికి అదను

పట్నం చుట్టాలు మన భాల్కి చేలల్లో గుడారం వేసుకుని రెండు రాత్రులు గడపాలని ఉబలాటపడుతున్నారు. పచ్చదనం కోసం శ్రావణంలో వస్తామంటే వద్దనండి. మనది నల్లరేగడి. నాలుగు వానలు పడితే చెప్పును పట్టి వదలదు, గుడారం మేకు నిలవదు. వేసవి సంగతి చెప్పనే అక్కరలేదు.

మన పెద్దలు అదను ఏనాడో ఎంచి పెట్టారు. మార్గశిర బహుళ అమావాస్య, మన ఎళ్ళ అమావాస్య నాడు ఇంటిల్లిపాదీ చేనుకు పోయి, భూమికి పూజ చేసి, రొట్టె, భజ్జీ, అంబలి అక్కడే తింటారు కదా! (ఈ భజ్జీ మిరపకాయ బజ్జీ కాదని చుట్టాలకు ముందే చెప్పండి. పచ్చి గింజలు, కూరలు, సెనగపిండి కలిపి ఉడికించేది.) అప్పటికి నేల గట్టిపడుతుంది. సంక్రాంతి దాటితే జొన్న ఊచబియ్యం కూడా రుచి చూడవచ్చు. చలి గట్టిదే, రగ్గులు తెచ్చుకోమనండి.

గుడారం మాత్రం రైతును అడిగి బీడులోనే వేయాలి. చలిమంట కందికుప్పకు బాగా ఎడంగా రాజేసి, పడుకోబోయే ముందు నీళ్ళు చల్లి ఆర్పమనండి.