స్త్రీల దేహభారము - ఋతుధర్మము

(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



సంసారమున ఆయవ్యయములు సరిపడినప్పుడే దానధర్మములకు చేయి సాగును. శరీరము సంగతియు అట్టిదే. తిన్న ఆహారము జమ, చేసిన శ్రమ ఖర్చు, కొవ్వు నిలువ. గర్భధారణము స్త్రీ శరీరమునకు మిక్కిలి పెద్ద ఖర్చు. కావున నిలువ తరిగినప్పుడు శరీరము ముందుగా ఆ ఖర్చును ఆపివేయును. నెలసరి నిలిచిపోవుట దానికి గుర్తు.

ఈ సత్యము యుద్ధకాలమున బహు దారుణముగా వెల్లడియైనది. 1944-45 శీతకాలమున జర్మను సైన్యము పడమటి హాలెండునకు ఆహారము చేరనీయలేదు. మనిషికి దినమునకు లభించు ఆహారము 1000 కేలరీలకు లోపడినది. అనేకమంది స్త్రీలకు ఋతుస్రావము నిలిచిపోయినది. కొన్ని మాసముల పిమ్మట జననములు మిక్కిలి తగ్గినవి. 1945 మే మాసమున ఆ దేశము విముక్తమై, కడుపునిండ అన్నము దొరకిన పిమ్మట ఋతుక్రమము మరల కుదిరినది, ఉయ్యాలలు మరల ఊగినవి.

దీని మర్మమేమి? కొవ్వునుండి పుట్టు లెప్టిన్ అను హార్మోనును 1994లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నిలువ యెంత కలదో మెదడునకు తెలుపునది ఇదియే. నిలువ చాలనిచో మెదడు అండాశయములకు పంపు ఆజ్ఞలను తగ్గించును. అండము విడుదల కాదు; ఈస్ట్రోజెన్ తగ్గును; ఎముకలును బలహీనమగును.

నిలువ మితిమీరినను లెక్క తప్పును. కొవ్వు తానే ఈస్ట్రోజెనును తయారుచేయును. ఇన్సులిన్ హెచ్చి అండాశయముల క్రమమును చెరచును. ఋతువు నెలల తరబడి రాకుండుట, వచ్చినప్పుడు అధికరక్తస్రావమగుట సంభవించును. ఏండ్ల తరబడి ఇట్లున్నచో గర్భాశయపు లోపొరకు కాన్సరు వచ్చు భయము పెరుగును. అయితే నిరాశ వలదు. బరువులో నూటికి 5 మొదలు 10 వంతులు తగ్గించుకొన్నను పలువురికి ఋతుక్రమము చక్కబడును. చరకసంహితయందలి అష్టౌనిందితీయాధ్యాయము అతికృశత్వమును, అతిస్థూలత్వమును రెంటిని దోషములుగనే గణించినది.

కొలత సులభము. కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగింపవలెను. 18.5కు తగ్గినచో కృశత్వము. మన దేశీయులకు 23 దాటినచో అధికభారము. అయిదడుగుల స్త్రీకి 43 మొదలు 53 కిలోలవరకు తగిన బరువు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో అధికభారమునకు హద్దు 25. ఆ లెక్క ప్రకారము 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి సుమారు 19 మంది కృశించినవారు, 24 మంది అధికభారము గలవారు. రెండు దోషములును మన యిండ్లలోనే కాపురమున్నవి.

అందరును తిన్న పిమ్మట అడుగంటినది తినుట ఇల్లాలి ధర్మమని పెద్దలు మెచ్చుకొందురు. సంతానము కలుగలేదని కోడలిని నిందించువారు ఆమె విస్తరిలో ఏమి పడుచున్నదో చూడరు. ముట్టు తప్పినదని తాయెత్తు కట్టింతురు గాని ఆమెను తూకపు యంత్రముపై నిలువబెట్టరు. ఇది పాపఫలము కాదు, దృష్టిదోషము కాదు. చాలవరకు జమాఖర్చుల తారుమారు.

అన్నిటికిని బరువే కారణమనరాదు. గర్భము, థైరాయిడు వ్యాధి, అండాశయముల వ్యాధి, మనోవ్యధ, ఇవియు కారణములు కావచ్చును. కావున గర్భము కాకయే మూడు మాసములు ఋతువు రానిచోగాని, 21 దినములలోపుననే మరల వచ్చుచున్నచోగాని సిగ్గు విడిచి వైద్యుని చూడవలెను.

అక్షరము నేర్చిన ప్రతి స్త్రీయు ఒక చిన్న పుస్తకముంచుకొని, నెలసరి తేదీ ఒక వరుసను, ఆ నెల బరువు మరియొక వరుసను వ్రాసికొనవలెను. ఆ రెండు వరుసలు వైద్యునికి ఎంతయో తెలుపును. మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా పంచిపెట్టిన విద్యకు ఇంతకంటె మంచి వినియోగము లేదు. ఆ పుస్తకమును చూచి నవ్వక, ఇల్లాలికి ముందుగా అన్నము వడ్డించుట పురుషుల పని.