మా తాతగారు చెప్పని కథ



మా తాతగారు దివిసీమ రైతు. 93 ఏళ్లు బ్రతికి మొన్న వేసవిలో ప్రభువునందు నిద్రించారు. మూడెకరాల కౌలు, ఒక జత ఎడ్లు, ఆరుగురు పిల్లలు. కలిమి అంతే. అయితే రాత్రి భోజనాలయ్యాక ఆయన అరుగుమీద చాప పరిస్తే వాడంతా వచ్చి కూర్చునేది. కాశీమజిలీలు చెప్పేవారు, మర్యాదరామన్న తీర్పులు చెప్పేవారు. యోసేపు కథ ఎత్తుకుంటే ఇక తెల్లవారవలసిందే. ఐగుప్తులో ధాన్యం దాచినవి మన పురులేననీ, యోసేపు దగ్గర నిలబడి గడ్డి వెంటి చుట్టించాడనీ ఆయన సిద్ధాంతం. పాస్టరుగారు సరిదిద్దబోతే, "అయ్యగారూ, తమరెప్పుడైనా పురి కట్టారా?" అనేవారు. మాకు ఈనాటికీ ఆ కొట్లు పురులుగానే కనబడతాయి.

నోవహు కథ మాత్రం చెప్పేవారు కారు. అడిగితే చుట్ట వెదుక్కుంటూ లేచిపోయేవారు. ఆదివారపు బడిలో మేమందరం నేర్చిన కథ తాతకు రాదని వెక్కిరించాము కూడా. తలచుకుంటే సిగ్గు వేస్తుంది. 1977 నవంబరు 19, ఉప్పెన వచ్చిన శనివారం, తాటిచెట్టును కరచుకొని ఆయన బ్రతికారు. వీపున కట్టుకున్న ఎనిమిదేళ్ల మా చిన్నత్త దక్కలేదు. ఇది మాకు చాలా ఏళ్లకు నాయనమ్మ చెప్పింది.

చివరి ఏడు మా ఇంటి చిన్నపిల్ల పట్టుబట్టింది. చెప్పారు. ఓడ, జంతువులు, వాన, అన్నీ. దేవుడు తలుపు మూశాడన్నచోట ఆగిపోయారు.

"లోపలివాళ్లకు బయటి కేకలు వినబడ్డాయి తల్లీ. గ్రంథంలో రాయలేదు గాని, వినబడ్డాయి."

పిల్ల ఆయన చెయ్యి పట్టుకొని, "తరువాత ఏమైంది తాతా?" అంది. పావురం వచ్చేదాకా చెప్పారు.