చివరి గది ముందు ఆగాను

2001 పదో తరగతి బ్యాచ్ తరఫున మాట్లాడమన్నారు. బడి గురించి పెద్దలందరూ చెప్పేశారు కాబట్టి, నేను పరీక్షలయ్యాక వచ్చిన ఎండాకాలం సెలవుల గురించి చెబుతాను.

మా బెంచీ మిత్రుడింటికి అప్పుడే కంప్యూటర్ వచ్చింది. వాళ్లన్నయ్య ‘బాల్డర్స్ గేట్’ అనే ఆట తెచ్చాడు. 1998లో వచ్చిన ఆట, ఐదు సీడీలు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తే చాలు, ఇంకో సీడీ పెట్టమనేది. అందులో ఎదురైన ప్రతివాడూ ఇంగ్లీషులో పేరాలకు పేరాలు చెబుతాడు. మేమేమో తెలుగు మీడియం. వ్యాసరచన పోటీలో ఇంగ్లీషు సారు నాకు బహుమతిగా ఇచ్చిన డిక్షనరీని మొదటిసారి తెరిచింది ఆ ఆట కోసమే. సారూ, క్షమించాలి!

కథానాయకుడు క్యాండిల్‌కీప్ అనే గ్రంథాలయ కోటలో పెరుగుతాడు. బయటికొచ్చిన మొదటి రాత్రే పెంచిన తండ్రిని చంపేస్తారు. మేం మాంత్రికుణ్ణి ఎంచుకున్నాం. మొదట్లో రోజుకు ఒక్కటే మంత్రం. సత్రం మెట్ల మీద కాచుకున్న హంతకుడి చేతిలో ఎన్నిసార్లు చచ్చామో లెక్కలేదు. తోటివాళ్లు పోతే గుడిలో డబ్బు కట్టి బతికించుకోవచ్చు. మన పాత్ర పోతే మాత్రం ఆట అయిపోయినట్టే.

పోయిన నెల ఆ ఆటనే ఫోన్‌లో మళ్లీ మొదలుపెట్టాను. 2023లో మూడో భాగం వచ్చింది, బొమ్మలు కళ్లు చెదిరేలా ఉన్నాయి గానీ నాకు పాతదే కావాలి. అప్పట్లో చేతిలో కత్తి విరిగిపోతే తిట్టుకునేవాళ్లం తప్ప ఎందుకో పట్టించుకోలేదు. నాష్కెల్ గనిలో ఇనుప ఖనిజాన్ని పాడుచేస్తుంటారు. కొరత పుట్టించి లాభపడదామని వెనక వ్యాపారులున్నారు. ఇప్పుడు కట్టడాలకు ఇనుము కొనడమే నా ఉద్యోగం కనుక, ఈసారి ఆ ఉత్తరాలన్నీ ఆగి ఆగి చదివాను.

ఇక అసలు సంగతి. ఆ సెలవుల్లో మావాడు పది రోజులు అమ్మమ్మగారి ఊరెళ్లాడు. “చివరి యుద్ధం నేనొచ్చాకే రా” అన్నాడు. సరేనన్నాను. వాళ్లమ్మగారు రోజూ మజ్జిగిచ్చి కూర్చోబెట్టేవారు. నేను ఆట మొత్తం ముగించేశాను. వాడొచ్చాక పాత సేవ్ తెరిచి, ఏమీ తెలియనట్టు మళ్లీ ఆడాను. చివరి గదిలో, సారెవోక్ చుట్టూ నేలలో ఉచ్చులుంటాయి. ఒక్కదాని మీదా కాలు పడకుండా నడిపించాను. “ఎలా తెలిసిందిరా?” అన్నాడు. “ఊహించా” అన్నాను. ఇరవై ఏళ్లు దాటినా మా పిల్లలకు నా తెలివి గురించి అదే కథ చెబుతుంటాడు. నేను నవ్వి ఊరుకుంటాను.

వాడు అదుగో, మూడో వరుసలో ఉన్నాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

ఒరేయ్, ఈసారి చివరి గది తలుపు ముందు సేవ్ చేసి ఆపేశాను. ఫోన్ జేబులోనే ఉంది. భోజనాలయ్యాక మన పదో తరగతి గదిలోకి రా. ఉచ్చులెక్కడున్నాయో నేను చెప్పను.