మ్యూట్ తీసి మాట్లాడండి

బీడీల చాటలు ఒక పూట పక్కన పెట్టి వచ్చిన తల్లులకు, సముద్రం అవతల ఫోన్‌లో ఈ సభ చూస్తున్న తండ్రులకు నమస్కారం. డిగ్రీ పట్టాలు అందుకున్న పిల్లలూ, మీకు నా అభినందనలు.

ఫోన్ వచ్చి పిల్లలు చెడిపోయారని మా ఈడువాళ్ళం తరచుగా అంటుంటాం. కోరుట్లలో నిలబడి ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల పల్లెల నుంచి దశాబ్దాలుగా మగవాళ్ళు దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్ పోతున్నారు. ఒకప్పుడు ఆ ఇళ్ళకు ఉత్తరాలే దిక్కు, ఆ తర్వాత ఎస్టీడీ బూత్. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయ్యేనాటికి మీలో ఎక్కువమంది ఏడో తరగతిలో ఉన్నారు. దుబాయిలో వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి ఐమో, బోటిమ్ యాప్‌ల పేర్లు మీ ఇళ్ళల్లో రోజూ వినబడే మాటలయ్యాయి. మీలో కొందరికి బాపు ముఖం ఫోన్‌లోనే బాగా తెలుసు. అలాంటి ఇంటికి వెళ్ళి ఫోన్ పారెయ్యండని ఎవరు చెప్పగలరు?

కానీ ఆ కాల్‌లో జరిగేదాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. క్యాంపులో సెలవు రోజు బాపు స్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కుని కాల్ చేస్తాడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన మంచాలు కనబడకుండా ఫోన్ ముఖానికి దగ్గరగా పట్టుకుంటాడు. "తిన్నవా బిడ్డా?" అంటాడు. ఎండలో కళ్ళు తిరిగి పడ్డ సంగతి చెప్పడు, జీతం ఆగిందనీ చెప్పడు. ఇటు అవ్వ "మేం మంచిగనే ఉన్నం" అంటుంది, మిత్తికి తెచ్చిన అప్పు ఊసెత్తదు. బిడ్డ మంచి మార్కులొచ్చిన కాగితం కెమెరా ముందు పెడుతుంది, రెండో కాగితం బ్యాగులోనే ఉంటుంది. దూరాన ఉన్న మనిషి దిగులు పడొద్దని ముగ్గురూ ప్రేమతో చేసే పనే ఇది. అయినా దానివల్ల మీకొక అలవాటు పడింది. తెర ముందు బాగున్నదే చూపాలి, బాగాలేనిది దాచుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్ చేతికి రాకముందే మీరు ఇంట్లో నేర్చుకున్న పాఠమిది. ఆ తర్వాత వచ్చిన రీల్స్, స్టేటస్‌లు, స్ట్రీక్‌లు దాన్ని గట్టిపరిచాయి, అంతే.

చదువు కూడా అదే దారి పట్టింది. మీ బ్యాచ్ అనుభవించినది మరే బ్యాచ్‌కూ రాకూడదు. 2020 మార్చిలో పదో తరగతి పరీక్షలు మొదలైన మూడు రోజులకే కరోనా వల్ల ఆగిపోయాయి, జూన్‌లో అందరినీ పాస్ చేశారు. సెప్టెంబరు నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు. 2021 ఫిబ్రవరి 1న తెరిచిన కాలేజీ తలుపులు మార్చి 24న మళ్ళీ మూతపడ్డాయి. ఇంటర్ మొదటి సంవత్సరమంతా కలిపి మీరు బెంచీ మీద కూర్చున్నది రెండు నెలలైనా లేదు. మిగతాదంతా మ్యూట్‌లో పెట్టిన మైకు, ఆపేసిన కెమెరా. సార్ "అర్థమైందా?" అంటే చాట్‌లో "యస్ సార్" అని వరుసగా పడేవి. అర్థం కాలేదని ఒక్కరు రాసినా, దాని వెనుక మరో పది మంది రాసేవారని ఒక అధ్యాపకుడిగా నా నమ్మకం.

రెండో సంవత్సరంలోకి వెళ్ళాక, అక్టోబరులో మొదటి సంవత్సరం పరీక్షలు పెట్టారు. డిసెంబరు 16న ఫలితాలొస్తే పాసైనవాళ్ళు 49 శాతం. కొన్ని ఇళ్ళల్లో పిల్లలే లేకుండా పోయారు. ఎనిమిది రోజులకు, డిసెంబరు 24న, ఫెయిలైన వాళ్ళందరికీ కనీస మార్కులు వేసి పాస్ చేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఎనిమిది రోజులు మీలో సగం మంది గదిలో తలుపేసుకున్నారు. మిగతా సగం స్టేటస్ పెట్టుకున్నారు. పక్కింటి దోస్తు ఫెయిలయ్యాడని తెలియని వాళ్ళున్నారు. రాత్రి పన్నెండింటి దాకా చాట్ చేసుకునే దోస్తులే! నన్ను ఈ రోజుకీ బాధపెట్టేది ఆ మార్కులు కాదు, ఆ తెలియకపోవడం.

ఆన్‌లైన్ మనల్ని మూగవాళ్ళను చెయ్యాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. మల్యాల మండలం లంబాడిపల్లిని చూడండి. శ్రీరాం శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన 'మై విలేజ్ షో' యూట్యూబ్ ఛానెల్ ఊరి మాటను ఊరి మాటగానే చూపించింది. సినిమాల్లో ఏళ్ళ తరబడి నవ్వులాటకు వాడుకున్న మన యాసను, కూలి పని చేసుకుని బతికిన గంగవ్వ నోట తెలుగువాళ్ళంతా ఇష్టంగా విన్నారు. ఆమె వేషం మార్చుకోలేదు, మాట మార్చుకోలేదు. ఆ తెరే, ఆ డేటానే.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. దేశంలో పల్లెటూళ్ళ 14–18 ఏళ్ళ పిల్లల మీద 2023లో చేసిన అసర్ సర్వే ప్రకారం, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన అబ్బాయిల్లో దాదాపు 44 శాతానికి సొంత ఫోన్ ఉంది, అమ్మాయిల్లో 20 శాతానికే. ఇంట్లో ఒక్కటే ఫోనుంటే ఆన్‌లైన్ క్లాసు ఎవరిది, బీడీలు చుట్టడం ఎవరి వంతు అన్నది మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా ఫోటో ఎవడైనా మార్ఫింగ్ చేసి బెదిరిస్తే ఇంట్లో చెప్పలేని స్థితి. చెబితే ముందు పోయేది ఉన్న ఫోను, ఆ తర్వాత చదువు. తల్లులారా, చెప్పుకున్న బిడ్డకు శిక్ష వేస్తే రెండోసారి చెప్పదు. పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్నాయి, వాళ్ళ దగ్గరికి బిడ్డకు తోడు వెళ్ళండి. మగపిల్లలు దాచేది బెట్టింగ్ అప్పు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే మన రాష్ట్రం నిషేధించింది, అయినా ఆట ఆగలేదు. డబ్బు మోసపోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలి. పరువు లెక్క చూసుకుంటూ కూర్చుంటే ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

16 ఏళ్ళలోపు వాళ్ళకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని ఆస్ట్రేలియా 2024 నవంబరులో చట్టం చేసింది. కంపెనీల మెడకు గంట కట్టడం మంచిదే, నేను సమర్థిస్తాను. కానీ బాపుతో మాట్లాడే ఫోనూ అదే, రీల్స్ చూసే ఫోనూ అదే అయిన ఇంట్లో చట్టం ఎంతవరకు వస్తుంది? అక్కడ పని మీది.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీలో కొందరు బీఈడీకి పోతారు, కొందరు హైదరాబాదు కోచింగ్‌కు, కొందరు మళ్ళీ ఆ గల్ఫ్‌కే. పోయేముందు మీ ఊరి ప్రభుత్వ బడికి ఒక పూట వెళ్ళండి. తొమ్మిదో తరగతి పిల్లల మధ్య బెంచీ మీద కూర్చోండి. ఫోన్లు బయట పెట్టించి, పేపర్లో ఒక పెద్ద వార్త వాళ్ళ చేత పైకి చదివించండి. ఎక్కడ తడబడతారో అక్కడ ఆగి చెప్పండి. ఆ తర్వాత 2021 డిసెంబరులో మీకు ఇంటర్‌లో ఎన్ని మార్కులొచ్చాయో, ఆ రాత్రి ఎలా గడిచిందో ఉన్నదున్నట్టు వాళ్ళకు చెప్పండి. ఆ మాట మేం చెబితే నీతి అనుకుంటారు, మీరు చెబితే వింటారు. ఏ బడికి వెళ్తారో ఈ సాయంత్రం మీ సార్లకు పేరు రాసిచ్చి వెళ్ళండి. రమ్మంటే నేనూ వస్తాను.