ఎఱిగినవారి వాఙ్మూలము

(విద్యార్థుల సభలో చేసిన యుపన్యాసము)



పత్రికకు వ్రాయువాడు తన వారిని ప్రశ్నింపరాదని పత్రికారచన నేర్పువారు సాధారణముగా చెప్పుదురు. జగ్గయ్యపేటలో, నందిగామలో ఆ నియమమును తు.చ. తప్పక పాటించినచో మీకు ప్రశ్నించుటకు మనుష్యుడే దొరకడు. మిర్చిరైతు మేనమామ, పత్తివ్యాపారి తండ్రికి స్నేహితుడు, పురపాలక సభ్యుడు పంతులుగారి తమ్ముడు!

1874లో వివేకవర్ధనిని ప్రారంభించిన వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవర ప్రాంతపు టధికారుల లంచగొండితనమును ఖండించినది తాము నిత్యము మెలగు జనుల నడుమనే. పరిచయము దోషము కాదు. దానిని మఱుగుపఱచుటయే దోషము.

న్యాయవాదులమైన మే మెఱిగిన ధర్మ మొకటి కలదు. బంధువైనంత మాత్రమున సాక్షి మాటను న్యాయస్థానము త్రోసివేయదు. మిక్కిలి జాగ్రత్తతో పరీక్షించును. న్యాయాధిపతి మాత్రము తన బంధువుల వ్యాజ్యమును విచారింపడు. సాక్ష్యము సేకరించువాడును, తూచువాడును విలేకరియే కావున ఈ రెండు ధర్మములును అతనికి వర్తించును.

కాబట్టి "మామయ్యా, ఇది పత్రికకొఱకు" అని ముందే చెప్పుడు. భోజనమువేళ మేనల్లునితో ఆయన చెప్పుకొన్న బాకీ సంగతి అనుమతి లేక అచ్చుపడినచో, మఱునాడు షావుకారు గుమ్మము త్రొక్కవలసినది ఆయనయే, మీరు కారు. బంధుత్వమును సంపాదకునకును పాఠకునకును తెలుపుడు. పరాయివాని నడుగు కఠినప్రశ్నను మామయ్యనుగూడ నడుగుడు. నోరు రానిచో, లేదా తగవు మీ యింటిదే యైనచో, కలమును మఱొకరి కిండు. పేట సంగతి నందిగామ విద్యార్థియు, నందిగామ సంగతి పేట విద్యార్థియు వ్రాయుదురు గాక!

అయినవాని నమ్మకమును అమ్ముకొన్న పత్రికను పాఠకుడు మాత్ర మేల నమ్మును?