ఇయ్యని పట్టిక
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ముప్పది యేండ్లుగా గ్రామపు లెక్కలు వ్రాయుచున్నవాడను. ఉన్న పేరు విడువరాదు, లేని పేరు చేర్చరాదు అనునదే నేనెఱిగిన ధర్మము. ఆ ధర్మమును కదల్చిన యొక చిన్న యూరి వృత్తాంతమును మనవి చేసెదను.

ఫ్రాన్సు దేశమున దక్షిణ మధ్యభాగమునందు, ఇంచుమించు వేయి మీటర్ల యెత్తున, లె షాంబోఁ అను పట్టణము గలదు. చుట్టును పొలములు, పచ్చికబయళ్ళు, అడవులు. అచటివారిలో పెక్కురు ప్రొటెస్టెంటు క్రైస్తవులు. వారి పూర్వులు మతము కొఱకు రాజులచే బాధింపబడినవారు.

1940 జూనులో ఫ్రాన్సు జర్మనీకి లొంగినది. వెంటనే అచటి మతబోధకులు ఆంద్రె త్రోక్మే, ఎదువార్ తెయిస్ అన్యాయమును ఆత్మబలముతో నెదిరింపుడని ప్రజలకు బోధించిరి. 1942 వేసవిలో పోలీసులు బస్సులతో వచ్చి, దాగిన యూదుల పేర్ల పట్టిక నిమ్మని త్రోక్మేను అడిగిరి. ఆయన ఇయ్యలేదు. మరుసటి యేడు ఆ యిరువురిని, బడిపంతులు రొజె దార్సిసాక్‌ను నిర్బంధించి, కొన్ని వారములకు విడిచిరి. ఊరు మాత్రము మారలేదు.

అచట తలదాచుకొనిన ఓస్కార్ రొసోవ్‌స్కీ అను యూదు యువకుడు దొంగ గుర్తింపు పత్రములను వ్రాసి యెందఱినో కాపాడెను. ఆ సామగ్రిని ఒక రైతు తేనెటీగల పెట్టెలలో దాచెను. ఆ దినములలోనే ఆల్బేర్ కామూ సమీప పల్లెలో నుండి ‘ప్లేగు’ నవలను వ్రాయుచుండెను. ఆ ప్రాంతమున ఆశ్రయము పొందినవారు వేలమంది. అందఱును దక్కలేదు. 1943లో తన విద్యార్థులతోపాటు పట్టుబడిన దాన్యేల్ త్రోక్మే మరుసటి యేట మైదానెక్ శిబిరమున మరణించెను.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దొంగ పత్రము వ్రాసిన యా యువకుని దోషి యందునా? అపుడు భారతమున కర్ణపర్వమందలి కౌశికుడు జ్ఞప్తికి వచ్చెను. సత్యవ్రతుడైన యతడు, దాగినవారి జాడను దొంగలకు నిజముగా చెప్పి నరకమున కేగెను. ఎన్నిమాఱులో చదివిన కథయే. ఆ రాత్రి గాని నాకు బోధపడలేదు.

దీనిని సాకుగా గొని, స్వలాభమునకై లెక్క తప్పు వ్రాయువానిని మాత్రము నేను క్షమింపను.

1990లో ఇజ్రాయెలులోని యాద్ వాషెం సంస్థ ఆ యూరివారిని, ఇరుగుపొరుగు గ్రామములవారిని గౌరవించినది. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయపు పుస్తకములలో చందాదారుల పేర్లు వ్రాయుచున్నాము. పేరడిగినవాడు దాని నెందులకు అడుగుచున్నాడో విచారించిన పిదపనే కలము కదల్పవలెనని నాకు నేర్పినది ఈ గ్రంథాలయమే.

సెలవు.